53 పాయింట్ల రాత్రి, ఒక కుడి తుంటి

వేసవి బాస్కెట్‌బాల్ శిబిరంలో ఫైనల్‌కి ముందురోజు సాయంత్రం ఆటగాళ్ళతో, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలివి. దాదాపు మాట్లాడినవి మాట్లాడినట్టే ఇక్కడ ఉన్నాయి.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త ముందుకి జరగండమ్మా, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, మీరు కింద కూర్చోండి, బంతులు పక్కన పెట్టేయండి. ఒక్క అరగంట బంతి చప్పుడు లేకుండా ఉందాం.

ఇవాళ మీకు డ్రిల్ ఏమీ చెప్పను. ఒక ఆటగాడి గురించి చెప్తాను. పేరు ఐజేయా థామస్. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు, విన్నా డెట్రాయిట్‌కి ఆడిన ఆ పాత థామస్ అనుకుంటారు. ఆయన వేరు, ఈయన వేరు. ఒక స్నేహితుడితో వేసిన పందెం వల్ల వీళ్ళ నాన్న ఆయన పేరు పెట్టాలనుకుంటే, బైబిల్లో ఉన్నట్టు రాస్తేనే పెడదామని అమ్మ పట్టుబట్టిందట. మన తెలుగు బైబిల్లో యెషయా ప్రవక్త ఉన్నారు కదా, అదే పేరు. అమెరికా పడమటి కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే ఊళ్ళో 1989లో పుట్టాడు.

ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. మన దగ్గర అది మంచి ఎత్తే, పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకునే ఎత్తు. అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏలో మాత్రం అప్పటి సగటు 6 అడుగుల 7 అంగుళాల దగ్గర ఉండేది. అంటే ప్రతి రాత్రీ తనకంటే జానెడు, మూరెడు పొడుగున్న మనుషుల మధ్య దూరి ఆడాలి. టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, 2011 డ్రాఫ్ట్‌లో మొత్తం 60 మందిని ఎంచుకుంటే ఇతను 60వ వాడు. ఇంకొక్కరి పేరు ముందు పిలిచి ఉంటే ఇతని పేరు అసలు వినబడేదే కాదు. శాక్రమెంటో తీసుకుంది, తర్వాత ఫీనిక్స్ 4 ఏళ్ళకి 27 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చింది, ఆ ఒప్పందం నడుస్తుండగానే 2015 ఫిబ్రవరిలో బోస్టన్‌కి పంపించేసింది. ఆ 27 మిలియన్ల అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

బోస్టన్‌లో ఈ మనిషి విప్పారిపోయాడు. 2016-17 సీజన్‌లో ఆటకి సగటున 28.9 పాయింట్లు. లీగ్ మొత్తం మీద అంతకన్నా ఎక్కువ కొట్టినవాళ్ళు ఇద్దరే, వెస్ట్‌బ్రూక్, హార్డెన్. డిసెంబర్ 30న మయామీ మీద 52 కొట్టాడు, అందులో 29 ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే. వరసగా 43 ఆటల్లో 20కి తగ్గకుండా కొట్టి, బోస్టన్ దేవుడిలా చూసుకునే జాన్ హావ్లిచెక్ పేరున ఉన్న 40 ఆటల రికార్డు దాటాడు. అప్పటికి బోస్టన్‌లో అంతగా పాయింట్లు కొట్టే ఇంకో స్టార్ ఎవరూ లేరు, అయినా టీమ్ 53 ఆటలు గెలిచి లీగ్ తూర్పు సగం, ఈస్ట్‌లో మొదటి స్థానంలో నిలిచింది. నాలుగో క్వార్టర్ మొదలైతే చాలు, అతను మణికట్టు మీద వేలితో తట్టి చూపించేవాడు, లేని వాచీని చూపిస్తున్నట్టు, నా టైమ్ వచ్చింది అని. మీరందరూ అలాంటివి చేయడానికి ముందు 28 పాయింట్ల సగటు తెచ్చుకోండి, ఆ తర్వాత నేనేమీ అనను.

సరే, ఇప్పుడు ప్లేఆఫ్స్, అంటే సీజన్ అయ్యాక ఆడే నాకౌట్ సిరీస్‌లు, ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళు తర్వాతి రౌండ్‌కి వెళ్తారు. షికాగోతో మొదటి ఆట 2017 ఏప్రిల్ 16న. దానికి ముందురోజు, ఏప్రిల్ 15న, చైనా అనే అతని చెల్లెలు కారు ప్రమాదంలో చనిపోయింది. 22 ఏళ్ళ పిల్ల. ఊళ్ళో అమ్మానాన్నలు అలా ఉన్నారు, ఇతను దేశానికి ఈ కొసన బోస్టన్‌లో ఉన్నాడు. ఆటకి ముందు వార్మప్ చేస్తూ ఉన్నట్టుండి బెంచీ మీద కూర్చుండిపోయాడు, కళ్ళనీళ్ళు ఆగట్లేదు. పక్కన ఏవరీ బ్రాడ్లీ కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు, అతనూ టకోమా వాడే, ఒకే ఊరి పిల్లలు. టీవీ కెమెరాలు అది చూపించాయి. ఆ మనిషి బూట్ల మీద చెల్లెలి పేరు రాసుకుని కోర్టులోకి దిగి ఆ రోజు 33 పాయింట్లు కొట్టాడు. ఆట ఓడిపోయారు.

నేను కోచ్‌ని, నాకు అంకెలు చూడటం అలవాటు, కానీ ఆ 33ని నేను ఎప్పుడూ అంకెలా చూడలేదు.

బోస్టన్ మొదటి రెండు ఆటలూ ఓడి, తర్వాత వరసగా నాలుగు గెలిచి ఆ సిరీస్ దాటింది. ఆరో ఆట అయిపోగానే థామస్ ఇంటికి వెళ్ళాడు, శనివారం చెల్లెలి అంత్యక్రియలు. అవి ముగించుకుని రాత్రంతా విమానంలో, దాదాపు 4,000 కిలోమీటర్లు, తిరిగి బోస్టన్ వచ్చి ఆదివారం మధ్యాహ్నం వాషింగ్టన్ విజార్డ్స్‌తో, అది రాజధాని నగరం టీమ్, ఇతని సొంత రాష్ట్రం కాదు, రెండో రౌండ్ మొదటి ఆటలో దిగాడు. మనిళ్ళల్లో ఎవరైనా పోతే మనం ఎలా ఉంటామో ఒక్కసారి తలుచుకోండి. దినకర్మ దాకా గడప దాటం, అన్నం సయించదు, పలకరించడానికి వచ్చినవాళ్ళ మొహాలు కూడా సరిగ్గా గుర్తుండవు. ఇతనికి అంత వ్యవధి లేదు. ఆ ఆటలో ఓటో పోర్టర్ మోచెయ్యి తగిలి ముందు పన్ను ఊడి కింద పడింది. వంగి ఆ పన్ను తీసుకున్నాడు, బెంచీ వాళ్ళకి ఇచ్చాడు, ఆడాడు. ఆ రోజూ 33, ఈసారి గెలిచారు. తర్వాత రెండు రోజులూ గంటలకు గంటలు పళ్ళ డాక్టర్ కుర్చీలో, నోరంతా వాచిపోయి.

మే 2న రెండో ఆట. ఆ రోజు చైనా పుట్టినరోజు. ఉండి ఉంటే 23 నిండేవి.

అమెరికాలో అది మంగళవారం రాత్రి, మనకి బుధవారం పొద్దున. ఇక్కడ మన ప్రాక్టీస్ అయ్యాక చెట్టు కింద స్కూటర్ మీద కూర్చుని ఫోన్‌లో చూశాను, సిగ్నల్ ఆగుతూ వస్తూ ఉంది, ఎండ పడి తెర సరిగ్గా కనబడక తువ్వాలు నెత్తి మీద గుడారంలా కప్పుకున్నాను. వాషింగ్టన్ బాగా ఆడింది, అది మర్చిపోవద్దు. జాన్ వాల్ 40 పాయింట్లు, 13 అసిస్టులు, అంటే తోటివాళ్ళు బుట్టలో వేసేలా ఇచ్చిన పాసులు. ఇంకో రోజైతే ఆ ఆట వాల్ పేరు మీద చెప్పుకునేవాళ్ళు. చాలాసేపు వాళ్ళే ముందున్నారు.

నాలుగో క్వార్టర్‌లో థామస్ 20 కొట్టాడు. 114-114తో ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్‌లో ఇంకో 9. ఆ అయిదు నిమిషాల్లో వాషింగ్టన్ మొత్తం కలిసి చేసినవి 5. చివరికి 129-119. అతని లెక్క 53, 33 షాట్లు వేస్తే 18 పడ్డాయి, 13 ఫ్రీ త్రోల్లో 12. బోస్టన్ చరిత్రలో ప్లేఆఫ్స్ ఆటలో అంతకన్నా ఎక్కువ కొట్టింది ఒక్క హావ్లిచెక్, 1973లో 54. బిల్ రస్సెల్, లారీ బర్డ్ ఆడిన టీమ్ అది పిల్లలూ. అలాంటి టీమ్‌లో రెండో అంకె 60వ నంబర్ డ్రాఫ్ట్ కుర్రాడిది.

ఆట అయ్యాక మైకు పెడితే, ఇవాళ మా చెల్లి పుట్టినరోజు, నేను చేసేదంతా తనకోసమే అన్నాడు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు, నేనూ కొడతాను. కానీ నేను మిమ్మల్ని పిలిచింది ఇక్కడి నుంచి చెప్పబోయే దానికోసం.

ముందు అతను ఎలా ఆడేవాడో చూడండి. అబ్బాయ్, నువ్వు లే, ఇలా వచ్చి నిలబడు. డిఫెన్స్ స్టాన్స్ వెయ్యి. ఇంకా కిందకి. మోకాళ్ళు కాదు, నడుము దించు, తుంటి దగ్గర వంగాలి. ఆ, అలా. చూశారా, పొట్టివాడికి ఇదే ఆయుధం. పొడుగువాడి చేతుల కిందనుంచి దూరాలంటే బంతి నేలకి దగ్గరగా ఉండాలి, బంతి దగ్గరగా ఉండాలంటే మనిషి బాగా వంగాలి. థామస్ అలా వంగి, ఒక్కసారిగా దూసుకెళ్ళి, అంతలోనే టక్కున ఆగి, ఎదుటివాడు ముందుకి తూలగానే మళ్ళీ కదిలేవాడు. అతని వేగం గురించి అందరూ మాట్లాడతారు, నేను మాత్రం ఆ ఆగడం గురించి మాట్లాడతాను. ఆ ఆగే బరువంతా ఎక్కడ పడుతుంది? తుంటి మీద. ఇంకోటి, అతను ఎడమచేతి వాటం. ఎడమచేత్తో లే-అప్ వేయాలంటే మామూలుగా ఏ కాలి మీద లేస్తాం? చెప్పండి. కుడికాలి మీద. ఏడడుగులవాడి చెయ్యి మీదుగా బంతిని బోర్డుకి తగిలించాలంటే ఆ కుడికాలు మనిషిని ఎంత పైకి విసరాలో ఆలోచించండి. సరే నాన్నా, కూర్చో.

అతనికి దెబ్బ తగిలింది ఆ కుడి తుంటికే.

తుంటి కీలు ఎలా ఉంటుందంటే, అమ్మమ్మగారింట్లో రుబ్బురోలు చూశారు కదా. రోటి గుంటలో పొత్రం తిరుగుతుంది. తొడ ఎముక తలకాయ ఆ పొత్రం, కటి ఎముకలో ఉన్న గుంట ఆ రోలు. రోటి అంచు చుట్టూ రబ్బరు లాంటి మెత్తటి పట్టీ ఒకటి ఉంటుంది, కుక్కర్ మూతకి గాస్కెట్ ఉన్నట్టు. దాన్ని లేబ్రమ్ అంటారు. కొంతమందికి పొత్రం నున్నగా గుండ్రంగా ఉండకుండా ఒకపక్క బొడిపెలా ఉంటుంది, లేదా రోటి అంచు కాస్త ముందుకి పొడుచుకొస్తుంది. అలాంటప్పుడు కాలు బాగా మడిచి లోపలికి తిప్పిన ప్రతిసారీ ఎముక ఎముకకి తగులుతుంది, మధ్యలో ఆ గాస్కెట్ నలుగుతుంది. నలిగి నలిగి చిరుగుతుంది. గమనించారా, నొప్పి వచ్చేది సరిగ్గా ఎక్కడ? ఇందాక మనవాడు వంగి నిలబడ్డాడే, ఆ స్టాన్స్‌లో. థామస్ బతుకుతెరువే ఆ స్టాన్స్. అతని ఆట ఏ భంగిమలో పుట్టిందో అదే భంగిమ కీలుని నమిలేస్తోంది.

ఇంక తేదీలు చూడండి. బోస్టన్ టీమ్ తర్వాత ప్రకటించినదాని ప్రకారం ఆ తుంటికి మొదట దెబ్బ తగిలింది మార్చి 15న, మిన్నెసోటాతో ఆటలో. అంటే షికాగో ఆటకి నెల ముందు. 53 కొట్టిన రాత్రికి ఏడు వారాల ముందు. ఈ విషయం తెలిశాక నేను ఆ ఆట మళ్ళీ పెట్టుకుని చూశాను, ఈసారి బంతిని వదిలేసి అతని కుడికాలినే చూశాను, రెండు గంటలు. ఎక్కడైనా కుంటుతాడేమో, ఎక్కడైనా చెయ్యి తుంటి మీదకి పోతుందేమో అని. నా కంటికైతే ఏమీ కనబడలేదు. ఆ రాత్రి అతను నొప్పిని అంతగా దాచుకున్నాడో, లేక చెల్లెలి నొప్పి ముందు ఇదొక నొప్పే కాకుండా పోయిందో, అది అతనికే తెలియాలి.

ఆ సిరీస్ ఏడు ఆటలు నడిచింది. మే 12న ఆరో ఆటలో తుంటి మళ్ళీ దెబ్బతింది. మూడు రోజులకే ఏడో ఆటలో 29 పాయింట్లు, 12 అసిస్టులు ఇచ్చి గెలిపించాడు. ఆ తర్వాతి రౌండ్ క్లీవ్‌లాండ్‌తో, లెబ్రాన్ టీమ్‌తో. రెండో ఆటలో ఆరు షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, 2 పాయింట్లతో హాఫ్‌టైమ్‌కి లోపలికి వెళ్ళి ఇంక బయటికి రాలేదు. ఆ రోజు బోస్టన్ సొంత గడ్డ మీద 130-86తో ఓడింది. మర్నాడు ప్రకటన, థామస్‌కి ఈ సీజన్ అయిపోయింది, తుంటి గాస్కెట్ చిరిగింది. మే 2న 53, మే 20న ఇది. మధ్యలో ఎన్ని రోజులు? పద్దెనిమిది.

అప్పుడతనికి 28 ఏళ్ళు. లీగ్ రెండో ఉత్తమ జట్టులో పేరు వచ్చింది, ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడి ఓట్లలో అయిదో స్థానం. జీతం మాత్రం ఇంకా ఆ పాత 27 మిలియన్ల ఒప్పందమే, ఏడాదికి ఆరున్నర మిలియన్లు. ఒక్క ఏడాది ఆగితే ఒప్పందం ముగుస్తుంది, వంద మిలియన్లు దాటే కొత్త ఒప్పందం వస్తుందని అతనూ అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. ఆ జూలైలోనే బోస్టన్ గోర్డన్ హేవర్డ్‌కి 4 ఏళ్ళకి 128 మిలియన్లు ఇచ్చింది. హేవర్డ్‌ని బోస్టన్‌కి రమ్మని ఒప్పించిన ఆటగాళ్ళలో థామస్ ఒకడు.

ఆగస్టు 22న బోస్టన్ థామస్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసి కైరీ ఇర్వింగ్‌ని తెచ్చుకుంది. క్లీవ్‌లాండ్ డాక్టర్లు తుంటి చూసి వెనకా ముందూ ఆడారు, వారం రోజులు బేరం ఆగింది. చివరికి బోస్టన్ ఇంకో రెండో రౌండ్ డ్రాఫ్ట్ పిక్ కలిపి ఇచ్చాక ఒప్పుకున్నారు. సంతలో ఎడ్ల కాళ్ళు చూసి బేరమాడతారు చూడండి, కుంటుతోంది, కాస్త తగ్గించు అని, నాకు అదే గుర్తొచ్చింది. ఆ చెల్లెలి అంత్యక్రియల నుంచి రాత్రికి రాత్రి విమానమెక్కి ఎవరికోసం వచ్చాడో వాళ్ళే ఇచ్చేశారు. ఎన్‌బీఏ వ్యాపారం, జనరల్ మేనేజర్ పని అదే, ఆట పరంగా చూస్తే ఆ బేరం తప్పని కూడా నేను అనలేను. కానీ నాకు ఇప్పటికీ కోపమే. ఒక మనిషి తన ఎముక అరగదీసి ఇస్తే, ఆ అరిగిన ఎముకనే చూపించి ధర తగ్గించడం నాకు మింగుడుపడదు.

తర్వాతిది తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసు రాదు. క్లీవ్‌లాండ్‌కి 2018 జనవరిలో మొదటిసారి దిగాడు, 15 ఆటలు ఆడాక లేకర్స్‌కి పంపేశారు. మార్చిలో తుంటికి ఆపరేషన్. ఆ వేసవిలోనే కదా పెద్ద ఒప్పందం రావాల్సింది, వచ్చింది డెన్వర్ నుంచి ఒక్క ఏడాదికి కనీస వేతనం, సుమారు 2 మిలియన్లు. అక్కడ ఆడింది 12 ఆటలు. ఆ తర్వాత వాషింగ్టన్, 2020లో తుంటికి ఇంకో పెద్ద ఆపరేషన్, పది రోజుల ఒప్పందాలు, న్యూ ఆర్లీన్స్, మళ్ళీ లేకర్స్, డాలస్, షార్లట్. బంతి చేతిలో ఉన్నప్పుడు షాట్ అదే షాట్, చెయ్యి ఏమీ మర్చిపోలేదు. ఆ మొదటి అడుగే రాలేదు. ఆరడుగుల ఆరంగుళాలవాడు ఒక అడుగు వేగం తగ్గినా ఎలాగో ఒకలా ఆడుకుంటాడు, పైనుంచి షాట్ వేసుకుంటాడు. అయిదడుగుల తొమ్మిదంగుళాలవాడికి ఉన్నదే ఆ అడుగు.

ఇతనొక్కడే కాదు. ఇతను చదివిన వాషింగ్టన్ యూనివర్సిటీలోనే ఇతని కంటే ముందు బ్రాండన్ రాయ్ చదివాడు. రెండు మోకాళ్ళలోనూ మృదులాస్థి అరిగిపోయిన మనిషి. 2011 ఏప్రిల్‌లో డాలస్ మీద ప్లేఆఫ్స్ నాలుగో ఆటలో పోర్ట్‌లాండ్ 23 పాయింట్లు వెనకబడి ఉంటే నాలుగో క్వార్టర్‌లో ఒక్కడే 18 కొట్టి 84-82తో గెలిపించాడు. అదే ఏడాది డిసెంబర్‌లో రిటైర్మెంట్ ప్రకటించాడు. మళ్ళీ ఒకసారి ప్రయత్నించాడు, అయిదు ఆటలకే ఆగిపోయింది. డెరిక్ రోజ్ మీకు తెలుసు, ఫోన్లలో ఇప్పటికీ అతని వీడియోలు చూస్తుంటారు. మొదటి ప్లేఆఫ్స్ ఆటలోనే బోస్టన్ మీద 36, 22 ఏళ్ళకే ఎంవీపీ, మర్నాటి ఏడాది ప్లేఆఫ్స్ మొదటి ఆటలో, ఇంక నిమిషంన్నర కూడా లేదు, టీమ్ 12 పాయింట్లు ముందుంది, అప్పుడు మోకాలు పోయింది. గెలిచేసిన ఆట అది.

నా సంగతి కూడా కాస్త చెప్తాను. నేను కాలేజీ రోజుల్లో ఒక టోర్నీ సెమీఫైనల్లో మడమ మెలిక పడింది, రాత్రికి బూరెలా వాచింది. మర్నాడు ఫైనల్. నా కోచ్ గారు, పేరు వద్దు, నన్ను కొడుకులా చూసుకున్న మనిషే, ఐస్ పెట్టించి, గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టించి, స్ప్రే కొట్టించి, ఒక్క ఆటేరా నాన్నా అన్నారు. నేను ఆడాను. గెలిచాం. జనం భుజాల మీద ఎత్తుకున్నారు, ఆ సాయంత్రం లాంటి సాయంత్రం నా బతుకులో మళ్ళీ రాలేదు, అది అబద్ధం చెప్పను. తర్వాత ఆ మడమ నాలుగు నెలలు నేల మీద ఆనలేదు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దిగుతాను, మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకి ఆయన కోచ్ నేర్పిందే నాకు నేర్పారు. నేను మీకు అది నేర్పదలచుకోలేదు, అంతే.

అయితే థామస్ ఆ రోజు ఆడకుండా ఉండాల్సిందా? ఈ ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. నేను ఆ టీమ్ కోచ్‌ని అయ్యుంటే, చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి వచ్చి ఆమె పుట్టినరోజున ఆడతాను సార్ అంటే, వద్దు కూర్చో అనే ధైర్యం నాకు ఉండేదని అనుకోను. ఆ రెండు గంటలూ అతనికి ఊపిరి తీసుకునే చోటు కోర్టొక్కటే అయ్యుంటుంది. అతను 28 ఏళ్ళ మగవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు, తన ఒంటి గురించి తను తేల్చుకున్నాడు. నేను తీర్పు చెప్పను. ఆ 53 కూడా నాకు ఒక్క పాయింట్ తగ్గదు. నాకు బాధంతా తర్వాతిదాని గురించే. ఆ రాత్రి సంతోషం కోర్టులో ఉన్న 18 వేలమందీ పంచుకున్నారు, నేనిక్కడ స్కూటర్ మీద కూర్చుని నా వాటా నేను తీసుకున్నాను. తుంటి మాత్రం అతనొక్కడిదే.

2019 మార్చిలో అతను డెన్వర్ ఆటగాడిగా బోస్టన్ వచ్చినప్పుడు ఆట మధ్యలో పెద్ద తెర మీద అతని వీడియో వేశారు. ఆ పన్ను, ఆ 53, ఆ వాచీ సైగ అన్నీ. జనమంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. అతను గుండెల మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూశాడు. బోస్టన్ జనం మంచి చేశారు, వాళ్ళకి గుర్తుంది. 2024 మార్చిలో కూడా, 35 ఏళ్ళ వయసులో, ఫీనిక్స్ పది రోజుల ఒప్పందం ఇస్తే సంచి సర్దుకుని వెళ్ళాడు. ఆట మీద అంత ప్రేమ.

ఇంక నేను ఇవాళ ఇదంతా ఎందుకు చెప్పానో చెప్పేస్తాను.

మన టీమ్‌లో ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు చెప్పను, మీ అందరికీ తెలుసు, ఈ శిబిరం మొత్తం మీద ఎక్కువ పాయింట్లు కొట్టింది వాడే. ఇవాళ పొద్దున వార్మప్‌లో చూస్తే ప్రతి జంప్‌కీ ఎడమకాలి మీద దిగకుండా కుడికాలి మీదే దిగుతున్నాడు. పిలిచి మోకాలి చిప్ప కింద వేలు పెట్టి నొక్కాను. అక్కడ ఎముక చిన్న రేగుపండంత ఉబ్బి ఉంది. వాడు నోరు మెదపలేదు కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళ నుంచిరా అంటే, నెల నుంచి సార్ అన్నాడు. అమ్మకి చెప్పావా అంటే, చెప్తే ఆడనివ్వదు సార్ అన్నాడు. ఎదిగే వయసులో, ఎగిరే పిల్లలకి ఇది వస్తుంది, విశ్రాంతి ఇస్తే ఎక్కువమందికి తగ్గిపోతుంది, భయపడాల్సింది ఏమీ లేదు. వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను, సోమవారం ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామన్నారు.

వాడు మాత్రం గుడ్డ గట్టిగా కట్టుకుని ఆడతాను సార్, ఒక్క ఆటే కదా అన్నాడు. అచ్చం అదే మాట. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా ముందుకి తిరిగొచ్చింది, ఈసారి జవాబు చెప్పాల్సింది నేను.

వాడు లేకపోతే రేపు మనం ఓడిపోవచ్చు. మిగతా పిల్లలూ, మీకు ఇప్పుడే చెప్తున్నాను, ఓడిపోతే వాడి వైపు ఎవరూ ఒక్క చూపు కూడా చూడకూడదు, ఏమైనా అనాలనుంటే నా దగ్గరికి రండి. తల్లిదండ్రులకీ అదే మనవి. మీ పిల్లలు ఇంటికొచ్చి కాలు ముడుచుకుని కూర్చున్నా, మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకున్నా, నొప్పి లేదమ్మా అని మరీ తొందరగా చెప్పినా నాకు ఒక ఫోన్ చేయండి, రాత్రి పదైనా ఫర్వాలేదు.

రేపు పొద్దున ఏడు గంటలకి ఫైనల్. ఆరున్నరకే అందరూ ఇక్కడ ఉండాలి, నీళ్ళ సీసాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. నాన్నా, నువ్వు జెర్సీ వేసుకునే రా. నా పక్క కుర్చీ నీది. స్కోరు పుస్తకం నువ్వే రాయాలి, పెన్నులు రెండు తెచ్చుకో.